టైలర్ గారి పాత పళ్ళు

ప్రతిరోజూ ఉదయం ఎనిమిదింబావు బస్సులో పళ్ళక్క జనం పళ్ళు చూసుకుంటూ వెళ్తుంది. డ్రైవరు వెనక అడ్డంగా ఉండే బెంచీ మీద కూర్చుంటే బస్సంతా ఎదురుగా కనిపిస్తుంది. ఎవరైనా ఆవలిస్తే చాలు, ఆమె మనసులో ఒక చీటీ రాసేసుకుంటుంది. పై వరసలో ఎడమ కోరపన్ను లేదు, కింద గార పట్టింది, ముందు రెండూ సొంతవి, మూడోది పెట్టుడుది, పెట్టినవాడెవడో రంగు ఒక మెట్టు తెల్లగా వేశాడు. కాలేజీ పిల్ల నవ్వితే "ఏ-వన్" అనుకుంటుంది. కండక్టరు గదమాయిస్తే "ఏ-ఫోర్, పైగా పొగాకు" అనుకుంటుంది. అవి రంగుల కార్డులో పళ్ళ రంగులకున్న నంబర్లు. మొహాలు మాత్రం ఆమెకి గుర్తుండవు. ఒకసారి పక్కింటావిడ వీధి చివర ఎదురుపడితే, ఆవిడ నోరు తెరిచేదాకా ఎవరో పోల్చుకోలేకపోయింది.

ఆమె పళ్ళ సెట్లు చేస్తుంది. దంతాల క్లినిక్కు వెనక పన్నెండడుగుల గది ఆమెది. కిటికీ కింద బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం రేకులు, సన్నటి ఇనప గరిటెలు, పక్కన పాలిష్ మోటారు, మూలన ప్లాస్టర్ బస్తా. ముందుగదిలో డాక్టరమ్మ బోసినోటికి కొలత తీసి అచ్చు పంపిస్తే, పళ్ళక్క దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటిగా నాటుతుంది. ఆ మైనం సెట్టును మనిషి నోట్లో పెట్టి చూస్తారు. బాగుందంటే మైనం కరిగించేసి, దాని చోట గులాబీరంగు గట్టి ప్లాస్టిక్కు నింపుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా వినపడదు. సొంత అత్తగారు కూడా ఫోన్లో "పళ్ళక్క" అనే ఎక్కించుకుంది.

చిన్నప్పుడు ఆమెకి ఇంకో పేరుండేది. కొబ్బరికోరాం. పై నాలుగు పళ్ళూ పెదవి దాటి బయటికొచ్చేవి. "వానొస్తే నీకు గొడుగెందుకే, గడ్డం తడవదుగా" అనేవాడు పెద్దమ్మ కొడుకు. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు. బడిలో తీసిన ప్రతి ఫోటోలోనూ పెదాలు బిగించి, ఎవరి మీదో అలిగినట్టు ఉంటుంది. వాళ్ళమ్మ "మనసు మంచిదైతే మొహం ఎవడు చూస్తాడే" అని ఓదార్చేది. ఫోటో తీసేటప్పుడు మాత్రం "నోరు ముయ్యి, నోరు ముయ్యి" అని పక్కనుంచి సైగ చేసేది.

పందొమ్మిదో ఏట ఈ గదిలో ప్లాస్టర్ గిన్నెలు కడగడానికి చేరింది. అప్పుడు క్లినిక్కు ఇప్పటి డాక్టరమ్మ తండ్రిది. సెట్లు చేసే మేస్త్రి ఒక ముసలాయన. ఆయన కళ్ళు మసకబారుతున్నకొద్దీ ఆమె చేతికి పని వచ్చింది. ఎనిమిదేళ్ళకి ఆయన్ని మించిపోయింది. అప్పుడొకరోజు ఆయన దగ్గరికెళ్ళి, తన ముందుపళ్ళు నాలుగూ పీకించేసుకుని, ఆ చోట వరసైన పళ్ళు తానే చేసుకుని పెట్టించుకుంటానంది.

"గట్టి పళ్ళు పీకించుకుంటావా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నాడాయన.

"మీకు నా పళ్ళు కనిపిస్తాయి మేస్త్రిగారూ. నాకు వాటిని చూసేవాళ్ళ మొహాలు కనిపిస్తాయి" అంది.

పక్కపళ్ళకి ఆనించి కట్టే ఆ నాలుగు పళ్ళ బ్రిడ్జి చెయ్యడానికి నెలన్నర పట్టింది. ఆమె చేసిన వాటన్నిటిలోకీ గొప్పది ఇప్పటికీ అదే. పెట్టుకున్న మర్నాడు కూరల కొట్టుకి వెళ్తే, ఆరేళ్ళుగా సంచీలోకి కూరలు విసిరేసే కొట్టతను మొదటిసారి "ఏం కావాలండీ" అన్నాడు. బ్యాంకులో గుమస్తా తలెత్తి చూశాడు. నిన్నటిదాకా పల్లెత్తు మాట పలకనివాళ్ళు బస్సులో జరిగి చోటిచ్చారు. ఆ నెలంతా ఆమె గాల్లో తేలినట్టు తిరిగింది. ఆ తర్వాత మెల్లగా కోపమొచ్చింది. మనిషిని అదే కదా, మారింది రెండంగుళాల ఎముకే కదా అని. ఆ కోపం వల్ల సంతోషం తగ్గిందా అంటే అదీ లేదు. రెండూ ఉండిపోయాయి.

డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆమె భర్త, విరిగిన దవడపన్ను చూపించుకోవడానికి క్లినిక్కుకొచ్చి, ఆమెని చేసుకుని వెళ్ళినవాడు. పెళ్ళైన కొత్తలో ఆమె అడిగింది. "మొట్టమొదట నాలో ఏం చూశావ్?"

"మోచేతులదాకా ప్లాస్టర్ పిండి. గోడలకి సున్నాలేసే మనిషివేమో, ఇంటికి పనికొస్తావనుకున్నా" అన్నాడతను.

నవ్వు ఆపుకోలేకపోయింది కానీ ఆ జవాబు ఆమెకి చాల్లేదు. పాత పళ్ళతో ఉండుంటే చూసేవాడా అన్న ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది. అడగలేదు.

పళ్ళన్నీ తీసేసే ముందు పాత పళ్ళకి కూడా ఒక అచ్చు తీసి, ఏడాదిపాటు దాచిపెట్టడం ఆ క్లినిక్కు పద్ధతి. సెట్టు చేసేటప్పుడు పనికొస్తుందని. పళ్ళక్క ఆ పద్ధతి ఒక్కటే పాటించేది కాదు. పాత అచ్చును కొలతల కోసం ఒకసారి చూసి, ముక్కలు చేసి చెత్తడబ్బాలో పడేసేది. వంకరలు కళ్ళెదురుగా ఉంటే చెయ్యి తెలీకుండానే వాటిని దిద్దుకుంటుందని ఆమె నమ్మకం. పైగా వంకరపళ్ళతో ఒక జన్మంతా నోరు మూసుకుని బతికినవాళ్ళెవరూ మళ్ళీ అవే కావాలని అడగరు. ఈ సంగతి ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అందుకే ఎవరు ఎలాంటి నోటితో వచ్చినా, ముత్యాల సరంలాంటి వరసతో బయటికి పంపించేది. ఇరవై ఏళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

నాలుగేళ్ళ కిందట ఒక టైలర్ గారు వచ్చారు. డెబ్భై రెండేళ్ళు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళన్నీ వదులైపోతే డాక్టరమ్మ తీసేసింది. చిగుళ్ళు మానడానికి మూడు నెలలు పట్టింది. మైనం సెట్టు పెట్టిచూసే రోజున ఆయన ఒంటరిగా వచ్చి, అద్దం అందుకుని, నోరు ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు.

"మేమూ ఇంతే తల్లీ. ముందు పొడుగు కుట్లేసి ఒంటిమీద చూస్తాం. నచ్చకపోతే విప్పేస్తాం. మీది విప్పేదేమీ లేదు. నా జన్మలో నా మొహానికి ఇంత మంచి కాలరు కుదర్లేదు" అన్నారు.

"నవ్వండి బాబాయి గారూ."

"అలవాటు లేదమ్మా." అలా అంటూనే నవ్వారు. ముందు పెదాలతో, తర్వాత పళ్ళతో. తన పెళ్ళిఫోటోలో కూడా నోరు తెరవలేదని, ఫోటో తీసినతను ఎవరైనా చచ్చిపోయారా అని అడిగాడని చెప్పారు. ఆ రోజు పళ్ళక్కకి బస్సులో ఎవరి పళ్ళూ చూడబుద్ధి కాలేదు. ఆ ముసలాయన నవ్వే కళ్ళల్లో ఉంది.

సెట్టు తీసుకెళ్ళిన ఆరోరోజు, బుధవారం మధ్యాహ్నం, ఆయన మళ్ళీ వచ్చారు. నోరు బోసిగా ఉంది. జేబురుమాల్లో మూటకట్టిన సెట్టును బల్ల మీద పెట్టారు.

"గుచ్చుకుంటోందా? ఇలా ఇవ్వండి, అరగదీస్తాను" అంది పళ్ళక్క.

"గుచ్చుకోవట్లేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది. ఇది నాకొద్దు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చెప్పారు. భార్యకి రెండేళ్ళుగా మతిమరుపు. ఏ రోజో, ఏ పూటో తెలీదు. కూతుర్ని ఒక్కోసారి అమ్మా అంటుంది. కానీ ఆయన్ని మాత్రం ఏనాడూ మర్చిపోలేదు. ఆయన చేత్తో పెడితేనే తింటుంది. పళ్ళు తీయించుకున్నప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తినిపించారు, అలా మూడు నెలలూ గడిచిపోయాయి. కొత్త సెట్టు పెట్టుకుని, తువ్వాలు తీసేసి, ముద్ద కలిపి ఎదురుగా కూర్చుని నవ్వారు. ఆవిడ కంచం తోసేసి గోడవైపు తిరిగిపోయింది.

"ఎవరో కొత్తాయన వచ్చాడు, మా ఆయన్ని పిలవండి అంటుంది. సెట్టు తీసేసినా నమ్మట్లేదమ్మా. నా చేతినే అనుమానంగా చూస్తోంది. ఆయనొచ్చేదాకా నాకేం వద్దంటుంది. వారం కావస్తోంది. మా అమ్మాయి నోరు తెరిపించి రోజుకో అరగ్లాసు పాలు పోస్తోంది, అంతే. ఆదివారందాకా చూద్దాం నాన్నా, ఆ తర్వాత ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేయించడమే అంటోంది. గొట్టం వేస్తే పీకేసుకుంటుందని చేతులు కట్టేస్తారట." ఆయన మూటని ఆమె వైపు జరిపారు. "నా పాత పళ్ళలాంటివే చేసిపెట్టు తల్లీ. వంకరవి. డాక్టరమ్మ అచ్చు తీసింది కదా, దాన్ని చూసి."

పళ్ళక్కకి మొదట చివుక్కుమంది. తన చేతిపనిని ఎవరో మొహం మీద విసిరికొట్టినట్టయింది. "వంకరపళ్ళు పెట్టుకుని మళ్ళీ జనంలో ఎలా తిరుగుతారండీ" అనేసింది.

"డెబ్భై ఏళ్ళు తిరిగాను కదమ్మా."

"అచ్చు లేదు" అంది. "పడేశాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపి, మూట మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ కుట్లు విప్పిన వేళ్ళు, ఆ ముడి మాత్రం సరిగ్గా వెయ్యలేకపోయాయి.

ఆయన్ని కూర్చోబెట్టి పళ్ళక్క ముందుగదికెళ్ళింది. డాక్టరమ్మ ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్నది, అయినా చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాక డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి తొట్టిలో పడేసింది.

"ఎన్నాళ్ళ నుంచి పడేస్తున్నావక్కా?"

"మొదట్నించీ."

"నాన్నగారికి తెలుసా?"

"తెలీదు. మేస్త్రిగారికి తెలుసు. ఆయనకి కనపడేది కాదు కాబట్టి ఏమనలేదు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "నీది సగమే తప్పులే. ఆ వరస పళ్ళ పిచ్చి నీతో మొదలవలేదు. ఎదుటి మొహం నచ్చిందా లేదా అన్నది మనం ఆలోచించేలోపే తేలిపోతుంది. రెండుపక్కలా ఒకేలా ఉందా, చర్మం శుభ్రంగా ఉందా, పళ్ళు గట్టిగా ఉన్నాయా. మందులూ డాక్టర్లూ లేని రోజుల్లో ఇవే జబ్బులేని మనిషికి గుర్తులు. అలా చూసి జత కట్టినవాళ్ళ పిల్లలు ఎక్కువమంది నిలిచారనీ, వాళ్ళ చూపే మనకొచ్చిందనీ అంటారు."

"అయితే తెలుపు? ఏ-వన్ కంటే తెల్లగా కావాలని రోజూ ఇద్దరు అడుగుతారు. అంత తెల్ల పళ్ళు పుట్టుకతో ఎవరికుంటాయి?"

"అది మనవాళ్ళు మనకి నేర్పింది. పళ్ళకి నల్లరంగు పూసుకుంటేనే అందం అన్న చోట్లున్నాయి. ముందుపళ్ళు కోసుగా చెక్కించుకున్నవాళ్ళూ ఉన్నారు."

"అయ్యో, నొప్పి పుట్టదూ?"

"గట్టి పళ్ళు నాలుగు పీకించుకున్నావు, నీకు పుట్టలేదా?"

పళ్ళక్క కిటికీ దగ్గరికి జరిగింది. కిటికీలోంచి చూస్తూ, "మరి ఈవిడ సంగతేంటి? అంత బాగున్న మొహాన్ని పట్టుకుని ఎవరో అంటోంది" అంది.

"రోజూ చూసే మొహమే మెల్లగా మనకి కొలతబద్ద అయిపోతుందక్కా. ఆవిడ నలభై ఐదేళ్ళు ఒక్క మొహాన్నే చూసింది. ఇప్పుడు ఆవిడకి అందమన్నా, తన మనిషన్నా ఆ వంకరే. నువ్వు దాన్ని సరిచేసి పంపించావు."

ఫోటో ఒక్కటీ లేదు. అన్నిట్లోనూ టైలర్ గారి నోరు మూసే ఉంది. ఏ పన్ను ఎటు వాలి ఉండేదో డాక్టరమ్మకి గుర్తు లేదు. పళ్ళక్క ఆయన్నే అడిగింది. ఎడమ కోరపన్ను పైకెక్కి ఉండేదని, ముందు రెండిట్లో ఒకటి ఇంకోదాని మీదికి వాలి ఉండేదని చెప్పారు. ఏది దేని మీదికి అంటే ఆయనకే తెలీదు. "నా పళ్ళు నేనెప్పుడు చూశానమ్మా? అద్దంలో కూడా నోరు మూసుకునే చూసుకునేవాణ్ణి" అన్నారు. పళ్ళక్క తల దించుకుంది. తనూ అంతే.

"శుక్రవారం పొద్దున్నే అమ్మగార్ని తీసుకురండి" అంది. "చూసినావిడ ఆవిడే కదా. ఆవిడే చెప్పాలి."

గురువారమంతా ఆమె మైనం ముందు కూర్చుంది. వరసగా పళ్ళు నాటడం కళ్ళు మూసుకుని చెయ్యగలదు. వంకరగా నాటడం చేతకాలేదు. కోరపన్ను కాస్త పైకి లేపుతుంది, నీళ్ళు తాగొచ్చేలోపు చెయ్యి దాన్ని మళ్ళీ సరిచేసేస్తుంది. సాయంత్రానికి తన మీద తనకే విసుగొచ్చి, చిన్నప్పటి బడి ఫోటోలు గుర్తుచేసుకుంటూ, ఇప్పుడు లేని తన పాత పళ్ళ చోటుని వేలితో తడుముకుంటూ కూర్చుంది. రంగు కూడా మార్చింది. ఏ-వన్ తీసేసి, ముప్పై ఏళ్ళ టీ మరకలకి తగ్గట్టు ఏ-ఫోర్ వేసింది. దశాబ్దాలుగా డబ్బాలో అడుగున పడున్న పళ్ళవి. కొనేవాళ్ళు లేరు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి వాళ్ళు ముగ్గురూ ఆటోలో దిగారు. కూతురు తల్లిని నడిపించుకుని వచ్చింది. ఆవిడ పొట్టి మనిషి, పల్చటి జుట్టు, చెంపలు లోపలికి పీక్కుపోయాయి. ల్యాబ్ గదిలోకి రాగానే చుట్టూ చూసి, పళ్ళక్కతో, "దర్జీ షాపా? గుడ్డలేవి?" అంది.

"ఇంకా రాలేదమ్మగారూ. కూర్చోండి."

టైలర్ గారు వచ్చి ఎదురుగా కూర్చోబోతే ఆవిడ కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది. కూతురు కళ్ళు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది.

పళ్ళక్క మైనం సెట్టు ఆయన నోట్లో పెట్టింది. "నవ్వండి." ఆయన నవ్వారు. ఆవిడ మర్యాదగా తల ఊపి, "వీరెవరమ్మా?" అంది.

పళ్ళక్క సెట్టు తీసి, గరిటె దీపం మీద వేడిచేసి, ముందుపళ్ళలో ఎడమదాన్ని కుడిదాని మీదికి వాల్చింది. మళ్ళీ పెట్టింది. లేదు. కుడిదాన్ని ఎడమదాని మీదికి వాల్చింది. ఆవిడ ఈసారి కాస్త ముందుకి వంగి చూసింది. పళ్ళక్కకి ప్రాణం లేచొచ్చింది. కోరపన్నును ఇంకో గోరంత పైకి లేపింది. ఆవిడ చూపు అక్కడే ఆగింది. చాలాసేపు చూసి, మళ్ళీ కళ్ళు తిప్పేసుకుంది.

"దగ్గరపడ్డాం" అని గొణిగింది పళ్ళక్క. తర్వాత పది పన్నెండుసార్లు అటూ ఇటూ మార్చింది. దగ్గరపడ్డది అక్కడే ఆగిపోయింది. పదకొండయింది. డాక్టరమ్మ మధ్యలో తొంగిచూసి వెళ్ళింది. కూతురు, "నాన్నా, ఇంక చాల్లే. అమ్మ అలిసిపోతోంది. రేపు ఆస్పత్రికి ఫోన్ చేస్తాను" అంది. టైలర్ గారు నోట్లో వంకరపళ్ళు పెట్టుకుని, మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు.

అప్పుడు ఆవిడ చెయ్యి చాచింది. పళ్ళక్క తెల్లకోటు చేతి అంచున కుట్టు ఊడి, ఒక దారప్పోగు వేలాడుతోంది. ఆవిడ దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని, వేలికి ఒక చుట్టు చుట్టి, బిగువుగా లాగి పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆ పోగుని టైలర్ గారి మొహంకేసి చాపింది. ఆయన వైపు చూడను కూడా లేదు. కత్తెర ఇటివ్వు అన్నట్టు అలవాటుగా చాపిందంతే. దారంతో పాటు పళ్ళక్క చెయ్యి కూడా లాక్కుపోయింది.

టైలర్ గారు తల వంచి, దారాన్ని ముందుపళ్ళ మధ్యకి తీసుకున్నారు. అది జారిపోయింది. మళ్ళీ తీసుకున్నారు. మళ్ళీ జారింది. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మొహంలో అయోమయం.

"బాబాయి గారూ," అంది పళ్ళక్క, "దారం ఎప్పుడూ పళ్ళతోనే కొరికేవారా?"

"యాభై ఏళ్ళు తల్లీ. కత్తెర వెతుక్కునే తీరికెక్కడిది? ఆవిడ పక్కన కూర్చుని గుండీల కాజాలు కుట్టేది. కుట్టడం అయిపోగానే దారం ఇలా నా నోటి దగ్గరికి చాపేది. మాట్లాడుకోవడం కూడా ఉండేది కాదు."

"ఏ పన్నుతో?"

ఆయన వేలు కుడి ముందుపన్ను మీదికి దానంతటదే వెళ్ళింది.

పళ్ళక్క ముందుగదిలోకి పరిగెత్తినంత పనిచేసింది. డాక్టరమ్మ ఒకరి నోట్లో అద్దం పెట్టి ఉంది. "టైలర్ల పళ్ళకి గంటు పడుతుందా?"

"పడుతుంది. దారం కొరికి కొరికి అంచు అరుగుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళకి, మేకులు నోట్లో పెట్టుకునేవాళ్ళకి కూడా..." డాక్టరమ్మ ఆగింది. "ఆయనకి ఉంది. కొలత తీసినప్పుడు చూశాను. నాకు తట్టనే లేదక్కా."

పళ్ళక్క కూడా చూసే ఉంటుంది. ఆ అచ్చుని చేతిలో పట్టుకుని, ఇదొక అరుగుదల అనుకుని, గోడకేసి కొట్టి ఉంటుంది.

సన్నటి ఆకురాయి చక్రం మోటారుకి బిగించింది. మైనంలోంచి ఆ పన్నుని ఊడదీసి, అంచు మధ్యలో గంటు పెట్టింది. కొత్త గంటు పదునుగా, ఎవరో కావాలని కోసినట్టుంది. యాభై ఏళ్ళ దారం అలా కొయ్యదు, నీళ్ళు రాయిని ఒరిసినట్టు ఒరుస్తుంది. రబ్బరు చక్రంతో నిదానంగా దాని అంచులు గుండ్రం చేసింది. పన్ను మళ్ళీ నాటి, చల్లనీళ్ళలో ముంచి, ఆయన నోట్లో పెట్టింది.

"దారం పట్టుకోండి. కొరక్కండి, మైనంలోంచి ఊడొస్తుంది. ఊరికే పట్టుకోండి."

దారం గంటులో కూర్చుంది. ఆయన అలా పట్టుకుని ఉండగా, పళ్ళక్క కింద నుంచి కత్తెరతో తన కోటు దగ్గర తుంచేసింది. ఆయన పళ్ళ మధ్య రెండంగుళాల తెల్లదారం మిగిలింది. తల ఎత్తి భార్యవైపు చూశారు.

ఆవిడ ఆయన నోటివైపు చూసింది. తర్వాత కళ్ళకేసి చూసింది. "ఇంతసేపూ ఎక్కడ చచ్చావు ఎలకా?" అంది. "ఆకలేస్తోంది నాకు."

గుమ్మంలో కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టైలర్ గారు దారం తీసేసి, అటు తిరిగి ముక్కు చీదుకుని, పళ్ళక్కతో మెల్లగా అన్నారు. "ఈవిడ షాపులో చేరిన కొత్తలో నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరమ్మా ఇది. గుడ్డలు కొరుకుతానని. అందరూ నా పళ్ళు చూసి నవ్వితే నేను తల దించుకునేవాణ్ణి. ఈవిడ పేరు పెట్టి మరీ నవ్వింది. ఎందుకో ఈవిడ నవ్వితే మాత్రం కోపం వచ్చేది కాదు."

కూతురు సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసింది. వాళ్ళు ఆశ వదులుకోలేదు, అన్నం తెచ్చుకునే వచ్చారు. ఆయన ముద్ద కలిపి పెట్టారు. ఆవిడ తింది. నాలుగు ముద్దలయ్యాక, "ఉప్పు తక్కువైంది" అని కూతురిమీద కేకలేసింది. అలా తిట్టించుకుని ఆ అమ్మాయి అంతగా సంతోషించడం పళ్ళక్క ఎప్పుడూ చూడలేదు.

అసలు సెట్టు మర్నాడు సాయంత్రానికి తయారైంది. ఆస్పత్రికి ఫోన్ చెయ్యలేదు. అన్నీ బాగైపోయాయని కాదు. కొన్ని పూటల్లో ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగేది. అప్పుడాయన ఒక దారప్పోగు తెచ్చి వేలికి చుట్టి ఆవిడ చేతికిచ్చేవారు. చాలాసార్లు పనిచేసేది. ఏడాదిన్నర తర్వాత ఆవిడ నిద్రలోనే పోయింది. చివరి రోజుదాకా ఆయన చేతిముద్దే తింది. ఆయన తర్వాత ఒకసారి అంచు అరిగిందని సెట్టు పట్టుకొచ్చారు. పళ్ళక్క కొత్త సెట్టు చేస్తానని, ఈసారి వరసగా కావాలా అని అడిగింది. "వరసవి ఆ మొదటి సెట్టు ఇంట్లోనే ఉన్నాయి కదమ్మా. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు అవి పెట్టుకుంటాను. ఇంట్లోకి ఇవి" అన్నారు.

ఆవిడ అన్నం తిన్న ఆ శుక్రవారం రాత్రే పళ్ళక్క భర్తని అడగనే అడిగింది. "నాకు పాత పళ్ళుండుంటే నన్ను చేసుకునేవాడివా?"

అతను కంచంలో అన్నం కలుపుకుంటున్నాడు. "నాకెలా తెలుస్తుంది? నేను చూళ్ళేదు కదా" అన్నాడు. తర్వాత, "చూసుంటే అవే అలవాటయ్యేవి" అన్నాడు. ఆమెకి అది ప్రేమమాటో కాదో తేలలేదు. తన బ్రిడ్జి మాత్రం ఆ ఏడే పాతబడితే మార్పించుకుంది. మళ్ళీ వరసగానే, ఈసారి ఏ-టూ.

ఇప్పుడు ఆమెకి యాభై రెండు. కదల్లేని మనుషులున్న ఇళ్ళకి వారానికో రోజు తనే వెళ్ళి మైనం సెట్టు పెట్టి చూస్తుంది, ఇంట్లోవాళ్ళందరూ కూర్చుని చూసి, ఇది మన మనిషి నోరే అనేదాకా. అందుకని మంగళవారాల్లో ఆమె ల్యాబ్‌లో ఉండదు.